కేస్ స్టడీ: మ్యాచ్‌లో రెండుసార్లు పేలని 627 రివాల్వర్

షూటింగ్ మ్యాచ్ శనివారం అయింది. సోమవారం పొద్దున్నే అందులో ఆడిన ఒక తమ్ముడు నా షాపుకి వచ్చేశాడు. చేతిలో జిప్ సంచి, అందులో స్మిత్ అండ్ వెస్సన్ 627. స్టెయిన్‌లెస్ స్టీల్, అయిదు అంగుళాల బ్యారెల్, సిలిండర్‌లో ఎనిమిది గదులు. "అన్నా, ఒకే స్టేజిలో రెండుసార్లు క్లిక్ మని ఊరుకుంది. ప్రాక్టీసులో ఎప్పుడూ ఇలా అవ్వలేదు. స్ప్రింగ్ మార్చెయ్యి" అన్నాడు.

స్ప్రింగ్ ఆ రోజు మార్చలేదు. ఎందుకు మార్చలేదో, చివరికి ఏమేం మార్చానో, ఏవి ముట్టుకోలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రివాల్వర్‌తో పోటీలకు వెళ్లే మన తెలుగువాళ్లు ఇక్కడ టెక్సస్‌లో కొంతమంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది నన్ను అడిగే మొదటి ప్రశ్న "ట్రిగ్గర్ ఎన్ని పౌండ్లకు దించగలవు?" అనే. అంటే ట్రిగ్గర్ లాగడానికి వేలు పెట్టాల్సిన బలం. ఆ ప్రశ్నకు జవాబు ఈ కేసులో ఉంది.

నా సంగతి రెండు ముక్కల్లో. బాలానగర్‌లో టూల్‌రూమ్ ఫిట్టర్‌గా పని నేర్చుకున్నాను. ఇప్పుడు టెక్సస్‌లో ఫెడరల్ లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌ని. కస్టమర్ తుపాకి రాత్రికి షాపులో ఉండిపోతే దాని నంబరు రిజిస్టర్‌లో ఎక్కాలి, తిరిగి ఇచ్చినప్పుడు మళ్లీ రాయాలి. ఈ తమ్ముడికి గ్రీన్ కార్డ్ ఉంది. హెచ్‌1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకి దగ్గర పెట్టుకోవడానికి ఇక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద రిపేరు చేసేవాడికే విడిగా లైసెన్స్ ఉండాలి. కాబట్టి ఇది చదివి ఎవరూ ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఆట గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం. అతను ఆడేది యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) పోటీల్లో రివాల్వర్ డివిజన్. టైమర్ బీప్ కొట్టిన దగ్గర్నుంచి పరిగెత్తుతూ, ఆగుతూ టార్గెట్లు కొట్టాలి. పాయింట్లను సెకండ్లతో భాగిస్తారు. మ్యాచ్‌లో అలాంటి ఒక్కో అంకాన్ని స్టేజి అంటారు, పెద్దది 32 తూటాల దాకా ఉంటుంది. అంటే ఎనిమిది తూటాల తుపాకితో కనీసం మూడుసార్లు మళ్లీ నింపుకోవాలి. ఈ డివిజన్‌లో ఎనిమిది తూటాలకు అనుమతి వచ్చింది 2014లో. ఎనిమిది తూటాల తుపాకికి మైనర్ స్కోరింగే (టార్గెట్ మధ్యలో కాక పక్కన తగిలితే పాయింట్లు తక్కువ) ఇస్తారు, దానికి తూటా బలం కొలిచే పవర్ ఫ్యాక్టర్ కనీసం 125 ఉండాలి. లెక్క తేలిక: బుల్లెట్ బరువు గ్రెయిన్లలో, వేగం సెకండుకి అడుగుల్లో, రెండూ గుణించి వెయ్యితో భాగించాలి. ఇతని బుల్లెట్ 160 గ్రెయిన్లు, నా క్రోనోగ్రాఫ్ మీద వేగం 820. అంటే 131. అక్కడ ఇబ్బంది లేదు.

ఇందులో అన్ని షాట్లూ డబుల్ యాక్షన్‌లోనే. ట్రిగ్గర్ లాగుతుంటే హామర్ (తూటాని పేల్చే సుత్తి) వెనక్కి లేవాలి, సిలిండర్ ఒక గది తిరగాలి, లాక్ పడాలి, హామర్ పడాలి. నాలుగు పనులూ ఒక్క వేలు చేస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తుపాకిలో ఆ లాగుడు దాదాపు 12 పౌండ్లు ఉంటుంది. మ్యాచ్‌లో నూట యాభై, రెండు వందల సార్లు 12 పౌండ్లు లాగితే చివరి స్టేజికి వేలు వణుకుతుంది. అందుకే అందరూ తగ్గించమంటారు. అది న్యాయమైన కోరికే.

కానీ ఆ లాగుడులో పెద్ద వాటా మెయిన్ స్ప్రింగ్‌ది, హామర్‌కి దెబ్బ కొట్టే బలం ఇచ్చేది కూడా అదే. వేలికి ఎంత సుఖం ఇస్తామో, ప్రైమర్ (తూటా అడుగున ఉండి, దెబ్బకు పేలి మందుని అంటించే చిన్న బిళ్ల) మీద దెబ్బ అంత తగ్గుతుంది. పని అంతా ఆ రెండింటి మధ్యే.

ముందు చూసినవి

గేజ్ పెట్టి ఎనిమిది గదుల్లోనూ ట్రిగ్గర్ లాగి చూశాను. సగటు ఏడున్నర పౌండ్లు. అంటే ఎవరో ముందే చేయి పెట్టారు. అడిగితే చెప్పాడు: కొన్న కొత్తలో ఒక షాపులో "యాక్షన్ జాబ్", అంటే ట్రిగ్గర్ లాగుడు తేలిక చేసే పని, చేయించుకున్నాడట. ఏం చేశారో కాగితం మీద రాసివ్వలేదు. మన పనిలో నాకు నచ్చని విషయం ఇదే. తుపాకి లోపల ఏం మార్చామో రాసివ్వకపోతే తర్వాత చూసేవాడు చీకట్లో తడుముకోవాలి.

తర్వాత పేలని ఆ రెండు తూటాలు. వాటిని పారేయకుండా జేబులో వేసుకుని తెచ్చినందుకు అతన్ని మెచ్చుకోవాలి. ప్రైమర్ మీద పిన్ (హామర్ దెబ్బకు ప్రైమర్‌ని గుచ్చే ముల్లు) గుర్తు రెండింటికీ సరిగ్గా మధ్యలోనే ఉంది. లోతు మాత్రం తక్కువ. మధ్యలో ఉందంటే గది బ్యారెల్‌కి ఎదురుగా నిలబడిందనే అర్థం. లోతు లేదంటే దెబ్బ బలం ఎక్కడో కారిపోతోంది.

ఎక్కడ? మామూలుగా ఇక్కడే స్ప్రింగ్ మీద నెపం వేసి గట్టిది వేసేస్తారు. తుపాకి పేలుతుంది, కస్టమర్ వెళ్లిపోతాడు. ట్రిగ్గర్ మళ్లీ 11 పౌండ్లకు వస్తుంది, కారుతున్న చోటు అలాగే ఉంటుంది.

పిడి తీశాను. స్మిత్ తుపాకుల్లో మెయిన్ స్ప్రింగ్ పలకలా ఉంటుంది. పిడి ముందు వైపు నుంచి స్ట్రెయిన్ స్క్రూ అనే చిన్న స్క్రూ దాన్ని నొక్కి ఉంచుతుంది. ఆ స్క్రూ చివరిదాకా బిగించి ఉండాలి. ఇక్కడ ఒకటిన్నర చుట్టు వదులుగా ఉంది. లాగుడు తగ్గించడానికి అన్నిటికంటే సులువైన దారి అదే, అన్నిటికంటే చెడ్డదీ అదే. సగం తిప్పి వదిలేసిన స్క్రూ ప్రతి షాట్ అదురుకి ఇంకాస్త వదులవుతుంది. ప్రాక్టీసులో యాభై తూటాలు కొట్టి ఇంటికి వెళ్లే మనిషికి తేడా తెలియదు. మ్యాచ్ రోజు నూట ఇరవయ్యో తూటా దగ్గర తెలుస్తుంది. ఇతని స్కోరు షీటు చూశాను, రెండు మిస్‌ఫైర్లూ అయిదో స్టేజిలోనే.

కథ ఇక్కడితో తేలిపోయిందనిపించింది. కానీ సంచిలో మిగిలిన తూటాల అడుగున వేలు పెట్టి రాసి చూస్తే కొన్నిటి ప్రైమర్ గోరుకి తగిలింది. ప్రైమర్ కేసు (తూటా లోహపు గొట్టం) అడుగు మట్టం కంటే మూడు నుంచి అయిదు థౌ లోపలికి ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. బాలానగర్‌లో ఏ ఫిట్టర్ నోట విన్నా అదే మాట. అది పైకి ఉంటే, హామర్ మొదటి దెబ్బ ప్రైమర్‌ని లోపలికి దిగ్గొట్టడానికే ఖర్చయిపోతుంది. రెండో దెబ్బకు పేలుతుంది. ఇతను వాడిన కేసుల్ని ఇంట్లోనే మెషిన్ మీద మళ్లీ నింపి, తూటాలు రీలోడ్ చేసుకుంటాడు. ప్రైమర్లు ఫెడరల్ అనే కంపెనీవే, మెత్తగా ఉంటాయి కాబట్టి రివాల్వర్‌వాళ్లందరూ అవే వెతుక్కుంటారు. మంచివి కొన్నాడు కానీ సరిగ్గా కూర్చోబెట్టలేదు.

మూడోది సిలిండర్. మూసి పెట్టి ముందుకీ వెనక్కీ కదిపితే ఆడింది. కొలిస్తే ఆరు థౌ. దీన్నే ఎండ్ షేక్ అంటాం. పోటీ తుపాకిలో ఒకటి, రెండు థౌ దాటకూడదని నా పద్ధతి. ఇది దెబ్బని ఎలా తింటుందంటే: పిన్ తగలగానే తూటా, మూన్ క్లిప్ (ఎనిమిది తూటాల్నీ కలిపి పట్టే పలుచటి రేకు), సిలిండర్ అన్నీ కలిసి ముందుకు జరుగుతాయి. గోడకు ఆనించిన మేకుని కొట్టడం వేరు, వేలాడుతున్న బట్ట మీద మేకు పెట్టి కొట్టడం వేరు.

ఒక తప్పుకు ముగ్గురు అనుమానితులు.

విడదీసి చూడటం

అతన్ని ఒక పని చేయమన్నాను. "తమ్ముడూ, తుపాకి మందు లేకుండా, బుల్లెట్ లేకుండా, ఖాళీ కేసుల్లో ప్రైమర్ మాత్రం నీ మెషిన్ మీద ఎప్పటిలాగే పెట్టి తీసుకురా. మూడు క్లిప్పులకు సరిపడా." తెచ్చాడు, 24. నేనూ 24 కేసులకు చేతి టూల్‌తో ప్రైమర్ పెట్టాను, ప్రతిదీ లోతు కొలిచి.

ఇలాంటి పరీక్ష చేసేటప్పుడు టేబుల్ మీదే కాదు, ఆ గదిలోనే అసలు తూటా ఉండకూడదు. కళ్లద్దాలు, చెవి మఫ్‌లు తప్పవు, తుపాకి మూతి బుల్లెట్ ట్రాప్ (తూటాని ఆపే పెట్టె) వైపే ఉండాలి. ఇంకొక విషయం: మందు లేని కేసులో ప్రైమర్ పేలినప్పుడు అది కాస్త వెనక్కి వస్తుంది, సిలిండర్ తిరగడానికి గీసుకుంటుంది. అది తుపాకి లోపం కాదు. అసలు తూటాలో అయితే పేలుడు ఒత్తిడికి కేసే వెనక్కి తన్ని ప్రైమర్‌ని మళ్లీ మట్టంగా కూర్చోబెడుతుంది.

తుపాకి వచ్చినది వచ్చినట్టే ఉంచి కొట్టాను. అతని 24లో అయిదు పేలలేదు, ఆ అయిదూ రెండో దెబ్బకు పేలాయి. నావి 24లో ఒకటే పేలలేదు. అంటే పెద్ద వాటా ప్రైమర్లదే. ఆ ఒక్కటి మాత్రం తుపాకిది. ఆ ఒక్కటి నాకు నిద్రపట్టనివ్వలేదు. వందలో నాలుగు మిస్‌ఫైర్లంటే ప్రతి పెద్ద స్టేజికీ ఒకటి వస్తుందన్నమాట.

తర్వాత యోక్ (సిలిండర్‌ని మోసే చేయి) గొట్టం చివర పలుచటి షిమ్ వాషర్లు వేసి ఎండ్ షేక్‌ని ఒకటిన్నర థౌకి తెచ్చాను. ఇంకేమీ ముట్టుకోలేదు, స్క్రూ కూడా ఆ వదులులోనే. మళ్లీ 24 కేసులు కొలిచి ప్రైమర్ పెట్టి కొట్టాను. అన్నీ పేలాయి. స్ప్రింగ్ బలం ఒక్క ఔన్సు పెంచకుండా దెబ్బ పెరిగింది. ఇరవై నాలుగు పెద్ద సంఖ్య కాదని నాకు తెలుసు, అందుకే దాని మీద ఆగిపోలేదు. కానీ దారి ఎటో తెలిసింది.

షిమ్ వేసినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సిలిండర్ వెనక్కి జరుగుతుంది కాబట్టి బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు పెరుగుతుంది. సిలిండర్‌ని వెనక్కి పట్టి ఫీలర్ గేజ్‌తో కొలిస్తే ఏడు థౌ వచ్చింది. ఫరవాలేదు. పది దాటి ఉంటే బ్యారెల్ పని కూడా చేయాల్సి వచ్చేది.

లోపల

సైడ్ ప్లేట్ (తుపాకి కుడి పక్క మూత) తీయడం చూస్తేనే పని వచ్చినవాడో కాదో తెలుస్తుంది. స్క్రూలు తీశాక దాన్ని ఎత్తకూడదు, సందులో ఏదీ దూర్చకూడదు. పిడి ఫ్రేమ్ మీద ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా కొడుతుంటే ఆ అదురుకి అదే పైకి లేచి వస్తుంది. ఈ తుపాకి ప్లేట్ అంచున గీత ఉంది. ముందు చేసినవాళ్లు స్క్రూడ్రైవర్‌తో ఎత్తారు.

లోపల రీబౌండ్ స్ప్రింగ్ చుట్లు కత్తిరించి ఉన్నాయి. ట్రిగ్గర్‌ని తిరిగి ముందుకు తోసేది ఇదే. కత్తిరించిన కొన వంకరగా ఉండి, ప్రతి కదలికకీ తన గూటి గోడని గీరుతోంది. లాగుడు మధ్యలో చిన్న గరుకు తగులుతోందని అతను చెప్పింది దీన్నే.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. రీబౌండ్ స్ప్రింగ్ బలహీనం చేస్తే గేజ్ మీద అంకె బాగా దిగుతుంది. కానీ ట్రిగ్గర్ తిరిగి ముందుకు రావడం మందగిస్తుంది. వేగంగా కొట్టేవాడి వేలు ట్రిగ్గర్ కంటే ముందే మళ్లీ లాగడం మొదలుపెడుతుంది. ట్రిగ్గర్ పూర్తిగా ముందుకు రాకముందే లాగితే ఒక్కోసారి సిలిండర్ తిరిగిపోతుంది, హామర్ మాత్రం లేవదు. ఎనిమిదిలో ఒక తూటా పేలకుండానే దాటిపోతుంది. షూటర్ తన వేలిదే తప్పనుకుంటాడు. నేను 14 పౌండ్ల కొత్త రీబౌండ్ స్ప్రింగ్ వేశాను, కోత లేకుండా. ఇంకా తేలికవి దొరుకుతాయి. ఇతని వేలి వేగానికి అవి పనికిరావు.

హామర్ కుడి పక్కన ఒక మెరిసే మచ్చ కనిపించింది. అంటే పడేటప్పుడు సైడ్ ప్లేట్‌ని రాసుకుంటోంది. దెబ్బ బలం కారే నాలుగో చోటు దొరికింది. హామర్ ఇరుసుకి రెండు థౌ షిమ్ వేస్తే మధ్యకు వచ్చింది. రీబౌండ్ స్లైడ్ (ఆ రీబౌండ్ స్ప్రింగ్ కూర్చునే జారుడు ముక్క) అడుగునీ పక్కల్నీ, అది జారే ఫ్రేమ్ దారినీ నూనెతో సన్నరాయి మీద పట్టాను. గీతలూ ముళ్లూ పోయేంత వరకే, అద్దంలా మెరిసేదాకా కాదు. ఈ ముక్కల గట్టిదనం పై పొరలోనే ఉంటుంది. ఆ పొర రుద్దేస్తే రెండు నెలలు వెన్నలా నడుస్తుంది, ఆ తర్వాత అరుగుతుంది.

హామర్, ట్రిగ్గర్ ఒకదాన్నొకటి పట్టుకునే అంచుల్ని మాత్రం నేను రాయితో తాకను. హామర్ పూర్తిగా వెనక్కి లేపి, బొటనవేలితో వెనక నుంచి గట్టిగా తోసి చూశాను. జారలేదు. ముందు షాపువాళ్లు అక్కడ చేయి పెట్టలేదన్నమాట. అందుకు వాళ్లకు కృతజ్ఞతలు. ఆ అంచు పాడై ఉంటే కొత్త ముక్కలు వేయకుండా తుపాకి తిరిగి ఇచ్చేవాణ్ణి కాదు.

ఇంకొక అనుమానం కూడా వచ్చింది. వేలితో సిలిండర్‌ని కొద్దిగా అదిమి ట్రిగ్గర్ మెల్లగా లాగితే అయిదో గది ఆలస్యంగా లాక్ అయింది. హామర్ పడేలోపు లాక్ పడకపోతే గది బ్యారెల్‌కి ఎదురుగా ఉండదు, అది ప్రమాదం. ఖాళీ సిలిండర్‌తో చూశాను కాబట్టి తొందరపడలేదు. ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రానికి (ఖాళీ కేసుల్ని బయటికి తోసే నక్షత్రం ఆకారపు ముక్క) తన గూటిలో కొంచెం ఆట ఉంటుంది, గదుల్లో కేసులు ఉంటే ఆ ఆట పోతుంది. డమ్మీ తూటాల క్లిప్ పెట్టి మళ్లీ చూస్తే ఎనిమిదీ సరిగ్గా లాక్ అయ్యాయి. ఏ ముక్కా మార్చే పనిలేదు.

పిన్ మాత్రం కొంచెం పొడవైనది వేశాను. తర్వాత స్ట్రెయిన్ స్క్రూ. దాన్ని వదులుగా ఉంచి లాగుడు తగ్గించను. పూర్తిగా బిగించాను, 11 పౌండ్లు వచ్చింది. అప్పుడు పోటీల కోసం వంపు తగ్గించి చేసిన మెయిన్ స్ప్రింగ్ వేసి, స్క్రూ చివరిదాకా బిగించి, మళ్లీ చూశాను. ఎనిమిదింపావు. మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువు, మధ్యలో గరుకు లేదు. అతను వచ్చి ఖాళీగా లాగి చూసి, "ముందుకంటే తేలికైంది కదన్నా" అన్నాడు. గేజ్ చూపించాను. ముప్పావు పౌండు ఎక్కువే ఉంది.

నింపుకోవడం

రివాల్వర్‌వాళ్లు ట్రిగ్గర్ దగ్గర పోగొట్టుకునే సమయం కంటే తూటాలు నింపే దగ్గర పోగొట్టుకునేది ఎన్నో రెట్లు. 1999 సెప్టెంబరు 11న జెర్రీ మిక్యులెక్ ఆరు కొట్టి, నింపి, మళ్లీ ఆరు కొట్టింది మొత్తం 2.99 సెకండ్లలో. మనకు ఆ వేగం రాదు, కానీ తుపాకి అడ్డుపడకూడదు కదా.

ఇతను వాడేది .38 షార్ట్ కోల్ట్ కేసులు. పొట్టివి కాబట్టి గదిలోకి త్వరగా దిగుతాయి, త్వరగా బయటికీ వస్తాయి. గదుల అంచులు మాత్రం కత్తుల్లా ఉన్నాయి. అంచు విరిచి లోపలికి కొద్దిగా వాలు పెట్టాను. ఎంత పెట్టాలన్నది అతన్ని అడిగి నిర్ణయించాను. మ్యాచ్‌లో క్లిప్‌తోనే కొడతాడు కానీ, ఇంట్లో అప్పుడప్పుడు క్లిప్ లేకుండా .38 స్పెషల్ కూడా వేస్తాడట. నక్షత్రం మీద వాలు ఎక్కువైతే విడి కేసు అంచు జారి నక్షత్రం కిందకి ఇరుక్కుంటుంది. అందుకే తక్కువలో ఆపాను.

అతని ఇరవై మూన్ క్లిప్పుల్ని చదునైన గాజు పలక మీద పెట్టి చూస్తే నాలుగు వంగి ఉన్నాయి. వంగిన క్లిప్ సిలిండర్‌ని బిగబడుతుంది, లాగుడు ఆ క్లిప్‌కి మాత్రం రెండు పౌండ్లు పెరుగుతుంది. ఆ నాలుగూ అతని ఎదుటే కత్తిరించి పారేశాను. ఉంచితే మళ్లీ బెల్టులోకి వెళ్లిపోతాయి.

పిడి గురించి ఒక్క మాట. 627 ఫ్రేమ్ సైజుని ఎన్ ఫ్రేమ్ అంటారు, అది పెద్దది, ఇతని చెయ్యి చిన్నది. వెనక వైపు ఫ్రేమ్ బయటికి తేలి ఉండే సన్నని చెక్క పిడి వేశాం. ఎడమ పలక పైభాగం చెక్కాను, ఖాళీ క్లిప్ బయటికి పడేటప్పుడు తగలకుండా.

ఫలితం

తూటాల మెషిన్‌లో ప్రైమర్ కూర్చోబెట్టే పిన్ అతనే సర్దుకున్నాడు. ఇప్పుడు ప్రతి క్లిప్ నింపాక అడుగు మీద ఉక్కు స్కేలు పెట్టి చూస్తున్నాడు. రేంజ్‌లో ఇద్దరం కలిసి రెండు రోజుల్లో 400 తూటాలు కొట్టాం, మధ్యలో శుభ్రం చేయకుండా. తుపాకి బూడిదతో నిండినప్పుడు ఎలా ఉంటుందో చూడటమే ఉద్దేశం. ఒక్క మిస్‌ఫైర్ లేదు. ప్రతి వంద తర్వాత స్ట్రెయిన్ స్క్రూ చూశాను, కదల్లేదు. నింపుకునే సమయం టైమర్ మీద నాలుగుంపావు సెకండ్ల నుంచి మూడు చిల్లరకు వచ్చింది. అందులో తుపాకి వాటా సగమే. మిగతాది అతను రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక డమ్మీ క్లిప్పులతో చేసిన సాధన.

పని కాగితం మీద రాసి ఇచ్చాను: షిమ్‌లు ఎన్ని, ఎంత మందం, ఏ స్ప్రింగ్‌లు, సందు ఏడు థౌ, ఎండ్ షేక్ ఒకటిన్నర, లాగుడు ఎనిమిదింపావు. కింద తేదీ, సంతకం. రెండు వేల తూటాల తర్వాత మళ్లీ తెమ్మన్నాను, షిమ్ అరిగిందేమో కొలవాలి. పోయిన వారం ఫోన్ చేశాడు. పదకొండు వందలయ్యాయట.